132 దగ్గర ఆగిపోయిన చెయ్యి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గిటార్ వాయించే వేగం గురించే. అందుకని కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు), ట్యూనింగ్ గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, మూడేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. స్కేల్స్ (స్వరాల వరసలు) మెట్రోనోమ్‌తో (తాళం కొట్టే యంత్రంతో) నిమిషానికి 60 బీట్ల దగ్గర మొదలుపెట్టి, 5 చొప్పున పెంచుకుంటూ వచ్చాను. బీటుకి నాలుగు నోట్ల లెక్కన 130 వరకు బాగానే వచ్చింది. ఎనిమిది నెలలుగా అక్కడే ఉన్నాను. 135 పెడితే ముంజేయి బిగుసుకుపోతుంది, నోట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రోజుకి రెండు గంటలు కూర్చుంటున్నాను. ఇంకెంత సాధన చెయ్యాలి? లేక నా చేతికి ఇంతే రాసిపెట్టి ఉందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో 130 అన్న అంకె చూసి నవ్వొచ్చింది. వెక్కిరింపుతో కాదులే. నాది 132.

నా దగ్గర కడ్డీ అటూ ఇటూ ఊగే చెక్క మెట్రోనోమ్ ఒకటుంది. దాని మీద అంకెలు మనకి నచ్చినట్టు ఉండవు. 120 తర్వాత 126, ఆ తర్వాత 132, 138, 144. ఆ కడ్డీ మీద బరువు ఏడాదిన్నర పాటు 132 గీత దగ్గరే ఉండిపోయింది. బీటుకి నాలుగు నోట్లంటే సెకనుకి దాదాపు తొమ్మిది. 138కి జరిపిన ప్రతిసారీ మోచేతి కింద కండ రాయిలా గట్టిపడేది. నేనూ నీలాగే సాధన గంటలు పెంచాను. గంటలు పెరిగాయి గానీ బరువు మాత్రం జరగలేదు.

ఒకరోజు విసుగొచ్చి ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఒక్క తీగనే కిందికీ పైకీ మీటుతూ కూర్చున్నాను. ఎదురుగా మెట్రోనోమ్ కొట్టుకుంటోంది. ఏం తోచక బరువుని కిందికి జరిపాను. 144. చెయ్యి వెళ్ళింది. 152, 160, 168. ఇంకా వెళ్ళింది. 176 దగ్గర అలిసి ఆపాను. అంటే సెకనుకి పన్నెండు నోట్లకి దగ్గర! ఏడాదిన్నరగా నేను తిట్టుకుంటున్న చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదని అప్పుడు తెలిసింది.

కాబట్టి ఇంకెంత సాధన అని అడిగేముందు, తప్పు ఎక్కడుందో చూసుకో. ఒకే తీగ మీద, ఒకే నోటు, ఎడమ చెయ్యి కదపకుండా ఎంత వేగంగా మీటగలవో మొదట చూడు. తర్వాత అదే తీగ మీద 5, 6, 7, 8 ఫ్రెట్లు (గిటార్ మెడ మీది గడులు) వరసగా నొక్కుతూ వాయించు. ఇక్కడే వేగం పడిపోతే లోపం పిక్‌ది (తీగ మీటే చిన్న బిళ్ళది) కాదు, రెండు చేతులూ ఒకేసారి తీగని చేరడం లేదు. అనుమానం తీరాలంటే పిక్ పక్కన పెట్టి ఎడమచేత్తోనే ఆ నాలుగు నోట్లూ హేమర్ ఆన్ (మీటకుండా వేలితో తీగని గట్టిగా కొట్టి పలికించడం), పుల్ ఆఫ్ (నొక్కిన వేలితో తీగని లాగి వదిలి పలికించడం) చేస్తూ వాయించి చూడు. చాలామందికి ఎడమ చెయ్యే వెనకబడి ఉంటుంది, నింద కుడిచేతి మీద పడుతుంది. ఆఖరికి రెండు తీగల మీద వాయించు. ఒక తీగ మీద 160 దాకా హాయిగా వెళ్ళిన చెయ్యి రెండో తీగ చేరగానే 130 దగ్గర తడబడితే ఇక సందేహం లేదు. నీకు వచ్చిన ఇబ్బంది తీగ మారడంలో ఉంది. నా పందెం అయితే దీని మీదే.

ఎందుకంటే, నువ్వు రాసిన లెక్కలోనే ఒక ఆధారం ఉంది. 60 మీద 5 పెంచడమంటే నూటికి ఎనిమిది వంతులు పెంచడం. 130 మీద 5 అంటే నూటికి నాలుగు వంతులు కూడా కాదు. పెద్ద మెట్లన్నీ ఎక్కేసి, అన్నిటికన్నా చిన్న మెట్టు దగ్గర ఎనిమిది నెలలు నిలబడిపోయావు. మెట్టు ఎత్తు వల్ల ఎవరూ అలా ఆగిపోరు. కాలు వేసే తీరే తేడాగా ఉంది. (1815లో మాల్జెల్ పేటెంటు తీసుకున్న మెట్రోనోమ్ జాతిదే నా చెక్కపెట్టె కూడా. అది 60 దగ్గర 3 చొప్పున, 120 దగ్గర 6 చొప్పున, 144 దాటాక 8 చొప్పున పెరుగుతుంది. లెక్క వేస్తే ఈ మూడుచోట్లా సుమారు నూటికి అయిదే. ఫోన్‌లో యాప్ పెట్టుకున్నవాళ్ళకి ఈ అందం కనబడదు.)

ఇప్పుడు అసలు సంగతి. నెమ్మదిగా వాయించేటప్పుడు చెయ్యి ఎలా కదిలినా నోటు పలుకుతుంది. పిక్ తీగని మీటి, పైకి లేచి, మళ్ళీ దిగి ఇంకో నోటు మీటినా 80లో ఏమీ తెలియదు. కోడి గింజలు పొడిచినట్టు అన్నమాట. ఈ పొడుచుడు అలవాటు మహా మోసకారిది. నెమ్మదిలో చాలా శుభ్రంగా వినిపిస్తుంది, ఏ తీగ నుంచి ఏ తీగకైనా తేలిగ్గా ఎగరనిస్తుంది కూడా. కానీ వేగం పెరిగాక, చెయ్యి అటూ ఇటూ ఊగడంతో పాటు ప్రతి నోటుకీ పైకి లేవాలి. మామూలు ఊపులో కిందికి వెళ్ళేటప్పుడు ఒకవైపు కండరాలు పనిచేస్తే రెండోవైపువి విశ్రాంతి తీసుకుంటాయి. ఇక్కడ లేపే కండరాలకి ప్రతి నోటుకీ పనే. అందుకే ముంజేయి బిగుస్తుంది. 60 నుంచి 130 వరకు నువ్వు ఈ పొడుచుడునే మెరుగుపెట్టుకుంటూ వచ్చావని నా అనుమానం. నడకని ఎంత సాన పెట్టినా అది పరుగవదు.

పిక్ దారిని ఒకసారి ఊహించుకో. అది తీగల వరసకి సరిగ్గా సమాంతరంగా కదిలితే, కిందికి వెళ్ళినా పైకి వచ్చినా రెండు తీగల మధ్యే చిక్కుకుని ఉంటుంది. అదే దారి కాస్త ఏటవాలుగా ఉంటే, ఒక చివర పిక్ తీగల మధ్య ఉన్నా రెండో చివర గాల్లోకి తేలుతుంది. నీకు అప్ స్ట్రోక్ (పైకి మీటడం) చివర తేలుతుందనుకో. అప్పుడు అప్ స్ట్రోక్ అయ్యాక ఏ తీగకైనా వెళ్ళొచ్చు. డౌన్ స్ట్రోక్ (కిందికి మీటడం) అయ్యాక మారాలంటే మాత్రం గోడ దూకాలి.

నువ్వు వాయించే స్కేలు తీగకి మూడు నోట్లది అయ్యుంటుంది. డౌన్, అప్, డౌన్. ఇక్కడ తీగ మారాలి. పిక్ లోపలే ఉంది! నెమ్మదిగా ఉన్నంతసేపు గోడ దూకేస్తావు. 135లో దూకడానికి టైముండదు. తీగకి రెండు నోట్లుండే పెంటటానిక్ (అయిదు స్వరాల స్కేలు) వాయించి చూడు. డౌన్, అప్, మారు. డౌన్, అప్, మారు. అది 145లో వచ్చి, మూడు నోట్లది 130లో ఆగితే, రోగం దొరికినట్టే.

మందు కూడా పెద్దదేమీ కాదు. మూడు నోట్లలో మొదటి రెండు మీటి, మూడోది హేమర్ ఆన్ చెయ్యి. అప్పుడు ప్రతి తీగా డౌన్‌తో మొదలై అప్‌తో ముగుస్తుంది. ఇది మోసం అనే పండితులు ఉన్నారు, పట్టించుకోకు. మూడూ మీటి తీరాలనే పట్టుదల ఉంటే, సన్న తీగల వైపు వెళ్ళేటప్పుడు మూడో డౌన్ స్ట్రోక్‌ని ఆపకుండా అలాగే పక్క తీగ మీదికి జారనివ్వు. దీన్నే ఎకానమీ పికింగ్ అంటారు. లావు తీగల వైపు తిరిగి వచ్చేటప్పుడు ఈ కిటుకు పనిచెయ్యదు. అక్కడ పుల్ ఆఫ్ వేసుకో. జాంగో రైన్‌హార్ట్ వాయించిన జిప్సీ జాజ్ పద్ధతిలో కొత్త తీగ ఏదైనా డౌన్ స్ట్రోక్‌తోనే మొదలుపెడతారు. డౌన్ స్ట్రోక్ కొట్టాక పిక్ వెళ్ళి పక్క తీగ మీద ఆనుకుంటుంది. అంత వేగం అందులో ఊరికే రాలేదు.

సాధన సంగతి. 5 చొప్పున పెంచే పద్ధతి ఇక వదిలెయ్. సరళీ వరసలు నేర్చుకున్నవాళ్ళని అడుగు. ఒకటో కాలం తర్వాత దానికి రెట్టింపు రెండో కాలం, ఆ పైన మళ్ళీ రెట్టింపు మూడో కాలం. మధ్యలో గంతులు తప్ప మెట్లు లేవు. నువ్వూ అలాగే మెట్రోనోమ్‌ని 160కి పెట్టు. నాలుగే నాలుగు నోట్లు వాయించి, అయిదో నోటు సరిగ్గా తర్వాతి బీటు మీద వేసి ఆగిపో. చెయ్యి కిందికి వదిలేసి, భుజం దించి, ఊపిరి తీసుకుని మళ్ళీ. అసహ్యంగానే ఉంటుంది. మొదటి వారం నా గదిలో వినిపించిన చప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు ఉండేది. అయినా పదిసార్లలో ఒకసారి సరిగ్గా పడుతుంది. ఆ ఒక్కసారీ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో గమనించు. తర్వాత 90కి దించి, ఆ తేలికదనాన్నే నెమ్మదిలో వెతుక్కో. నాలుగు నోట్లు కుదిరాక ఎనిమిది. ఎనిమిది కుదిరాక రెండో తీగ.

డిస్టార్షన్ (ధ్వనిని గరుకు చేసే ఎఫెక్ట్) తీసేసి, క్లీన్ టోన్‌లో, అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగలకి కాస్త ఆనించి వాయిస్తే ఏ తప్పూ దాక్కోదు. రెండు గంటలు ఏకబిగిన వద్దు. ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు చాలు. రాత్రి రాని పదబంధం పొద్దున్నే వేళ్ళలోకి వచ్చేసి ఉండడం నీకూ అనుభవమయ్యే ఉంటుంది. నిద్రలో కూడా ఆ పని జరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: నేను అకూస్టిక్ వాయిస్తాను. 0.46 మిల్లీమీటర్ల పిక్ వాడుతున్నాను. రిథమ్‌కి బాగుంటుంది గానీ లీడ్ (విడి నోట్ల వరసలు) వాయించేటప్పుడు చప్పగా, ఆలస్యంగా పలుకుతుంది. పిక్ మారిస్తే వేగం పెరుగుతుందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: కొంత పెరుగుతుందండీ. పలచటి పిక్ తీగకి తగిలి వంగుతుంది, తీగని దాటాక గానీ నిటారుగా అవదు. అది తిరిగి నిలబడేలోపు మీ చెయ్యి వెనక్కి బయల్దేరుతుంది. 0.88 గానీ 1.14 గానీ తీసుకోండి. మరీ మందం బాగుందనిపిస్తే 1.38 ఉండే చిన్న నైలాన్ జాజ్ త్రీ రకం కూడా చూడొచ్చు. రిథమ్‌కి మీ పాత పిక్‌నే ఉంచుకోండి, రెండూ ఒకటే అవ్వాలన్న రూలేమీ లేదు.

మందం కన్నా రెండు విషయాలు ఎక్కువ తేడా తెస్తాయి. వేళ్ళ బయటికి పిక్ కొన మూడు, నాలుగు మిల్లీమీటర్లకి మించి కనబడకూడదు. ఎంత బయటికుంటే అంత లోతు దిగుతుంది, అంత దూరం తిరిగి రావాలి. ఇక రెండోది, పిక్‌ని తీగకి బల్లపరుపుగా కాకుండా కొంచెం తిప్పి, అంచు తగిలేలా పట్టుకోండి. కత్తితో ఏటవాలుగా కోసినట్టు జారిపోతుంది. ధ్వనిలో కాస్త గరగర వస్తుంది, అకూస్టిక్ మీద అది నాకిష్టమే.

పట్టు గురించి కూడా చెప్పాలి. నాకు మొదట నేర్పినాయన పిక్‌ని ఎంత గట్టిగా పట్టుకోమనేవారంటే, బొటనవేలి గోరు తెల్లబడేది. పిక్ జారిపడితే చివాట్లు. ఆ బిగింపు వదిలించుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మీరు వాయిస్తుండగా పక్కనున్నవాళ్ళు చిన్నగా లాగితే పిక్ వాళ్ళ చేతిలోకి వచ్చెయ్యాలి, అంతే పట్టు. రోజుకి రెండుసార్లయినా జారి కింద పడటం లేదంటే ఎక్కువ బిగిస్తున్నారని లెక్క.

అకూస్టిక్ మీద ఎలక్ట్రిక్ వేగం రాలేదని బాధపడకండి. వాళ్ళ సన్న తీగ మందం సాధారణంగా 009 లేక 010 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన), మీది సాధారణంగా 012. తీగలు ఫ్రెట్లకి మరీ ఎత్తుగా ఉంటే గిటార్ బాగుచేసేవాళ్ళకి చూపించి యాక్షన్ దింపించుకోండి. అది సాధనతో పోయే కష్టం కాదు.

ప్రశ్న: వేగంగా వాయించాక ముంజేయి నొప్పి, ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరి. వాయిస్తూ ఉంటే అదే సర్దుకుంటుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: కాదు. ఇవాళే ఆపండి. కండ అలసట వేరు, తిమ్మిరి వేరు. తిమ్మిరి నరం మీద ఒత్తిడి వల్ల కావచ్చు. డాక్టరుకి చూపించండి, మెట్రోనోమ్ సంగతి తర్వాత. ఈలోగా ఒకటి గమనించండి. గిటార్ అంచు ముంజేతిని ఎక్కడైనా నొక్కుతోందా? మోచెయ్యి చాలాసేపు మడిచి, దేనికైనా ఆనించి ఉంచుతున్నారా? డాక్టరుకి ఈ వివరాలు చెప్పండి, ఉపయోగపడతాయి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వేళ్ళు పొట్టిగా ఉన్నాయని, స్పీడుగా వాయించడం ఎప్పటికీ రాదని క్లాసులో అన్నారట. రెండు రోజులుగా గిటార్ ముట్టుకోవడం లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ మాట అన్నవాళ్ళ మీద నాకు బాగా కోపం వచ్చింది. మీటే చేతికి వేళ్ళ పొడుగుతో పనే లేదు. అది మణికట్టు పని.

ఎడమ చేతి గురించైతే, మొదటి జవాబులో చెప్పిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ కథ పాపకి చెప్పండి. 1928లో ఆయన ఉంటున్న బండి అంటుకుని ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు బాగా దెబ్బతిన్నాయి. ఆ తర్వాత సోలోలు ఎక్కువగా చూపుడు వేలు, మధ్య వేలితోనే వాయించాడు. ఆయన రికార్డింగులు వినిపించి, ఇవి ఎన్ని వేళ్ళతో వాయించి ఉంటారో చెప్పమనండి. నాకు తెలిసిన పిల్లల్లో ఒక్కరూ రెండు అని చెప్పలేదు.

గిటార్ మాత్రం సరిచూడండి. తీగ పొడవు 25.5 అంగుళాలున్నవి ఉంటాయి, 24.75 ఉన్నవి ఉంటాయి, పిల్లల కోసం ఇంకా పొట్టివీ ఉంటాయి. పెద్ద గిటార్ ఇచ్చి చెయ్యి చిన్నదనడం, నాన్న చెప్పులు వేసి పరిగెత్తమనడం లాంటిదే.

ప్రశ్న: పిక్‌తోనే వేగం వస్తుందా, వేళ్ళతో రాదా?

జవాబు: 1980 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ మెక్‌లాగ్లిన్, ఆల్ డి మియోలా, పాకో డి లూసియా కలిసి చేసిన కచేరీ రికార్డింగు వినండి. మొదటి ఇద్దరూ పిక్‌తో వాయించారు, పాకో వేళ్ళతో. ఎవరు వెనకబడ్డారో మీరే చెప్పండి.

ప్రశ్న: మేడమ్, కోపం తెచ్చుకోవద్దు. రెండు నెలల క్రితం నా ప్రశ్నకి జవాబుగా, పిక్ దారి ఏటవాలుగా పెట్టుకుని, తీగకి నాలుగేసి నోట్ల పదబంధాలు డౌన్‌తో మొదలుపెట్టమన్నారు. అలాగే చేశాను. ఇదివరకు 120లో వచ్చేది కాస్తా ఇప్పుడు 110లో కూడా రావడం లేదు.
– మీ పాత పాఠకుడు

జవాబు: కోపం ఎందుకండీ, తప్పు నాది. మీ చెయ్యి ఎలా కదులుతుందో అడక్కుండానే, నా చెయ్యిలాగే ఉంటుందనుకుని రాసేశాను. పిక్ కొందరికి అప్ స్ట్రోక్ చివర గాల్లోకి తేలుతుంది. నాకు అంతే. ఇంకొందరికి డౌన్ స్ట్రోక్ చివర తేలుతుంది. మీరు రెండో రకం అయ్యుంటే, నా సలహా ప్రతిసారీ పిక్ ఇరుక్కున్నచోటే మిమ్మల్ని తీగ మారమంది. వేగం తగ్గక ఏమవుతుంది?

అదే నిజమైతే చెయ్యి మార్చుకోకండి, పదబంధం మొదలు మార్చండి. నాలుగు నోట్లూ అప్‌తో మొదలుపెట్టండి. అప్, డౌన్, అప్, డౌన్. అప్పుడు తీగ మారడం డౌన్ తర్వాత పడుతుంది, మీ పిక్ అప్పటికే బయట ఉంటుంది. బీటు మీద అప్ స్ట్రోక్ వెయ్యడం మొదట ఎడమ చేత్తో సంతకం పెట్టినట్టు ఉంటుంది, పది రోజులు ఓర్చుకోండి.

ముందు మీరు ఏ రకమో తేల్చుకోవాలి. చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంది. సెకనుకి ఎనిమిది నోట్లు, అంటే 120లో బీటుకి నాలుగు వాయిస్తే, ఒక్కో నోటుకి 30 ఫ్రేములు దొరుకుతాయి. అది చాలు. ఫోన్‌ని ఎదురుగా పెట్టకండి, ఎదురు నుంచి చూస్తే ఈ తేడా కనబడదు. గిటార్ మెడ వైపు, తీగల ఎత్తులోనే ఫోన్ నిలబెట్టి, తీగల పొడవునా పిక్ వైపు చూసేలా పెట్టండి. వెలుతురు బాగా ఉండాలి, లేకపోతే ఫ్రేములన్నీ మసకే. తీగ మారకుండా ఒక్క తీగ మీదే, పది సెకన్లు, మీకు హాయిగా ఉన్న వేగంలో వాయించండి. తీగ మారితే చెయ్యి వేషాలు వేస్తుంది.

డౌన్ స్ట్రోక్ చివర పిక్ తీగల పైకి లేచి కనబడితే ఇవాళ రాసిందంతా మీకే. రెండు చివరలా లేస్తూ ఉంటే మొదటి జవాబులో ఆ అబ్బాయికి చెప్పిన కోడి పొడుచుడు గురించి చదవండి. అప్ స్ట్రోక్ చివరే లేస్తుంటే నా పాత సలహా సరైనదే, అది ఎందుకు పనిచెయ్యలేదో ఇంకోచోట వెతకాలి. ఆ పది సెకన్ల వీడియో జత చేసి మళ్ళీ రాయండి. ఈసారి చూశాకే జవాబు రాస్తాను.